రెండు పిస్తోళ్లకు ఒకే ఎర్రదారం

త్రినాథరావు మంచివాడే. వ్యాగన్ డిపోలో ఇరవై ఎనిమిదేళ్లుగా బ్రేకు ఫిట్టరు. ఆయన ‘ఫిట్’ అని సంతకం పెట్టిన బండిని మళ్లీ వంగి చూసే పని ఎవరూ పెట్టుకోరు. కానీ మనిషికి ఒక జబ్బుంది. ఏది చేసినా అచ్చం అసలుదానిలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా కూడా రాకూడదు. ఆ జబ్బే ఆయన కొంప ముంచబోయింది.

రెండువేల ఐదులో బిలాస్‌పూర్‌లో ఎవరిని చూసినా సినిమా తీస్తామనేవాళ్లే. ఛత్తీస్‌గఢీ సినిమాల సీడీలు సంతల్లో కూరగాయల పక్కనే అమ్ముడుపోతున్న రోజులవి. గిరిబాబు కూడా బయల్దేరాడు. రైల్వే కాలనీ కుర్రాడే, గార్డుగారబ్బాయి. రెండు పాటల సీడీలు తీసి, ఇప్పుడు ఫైటింగులున్న పూర్తి సినిమా తీస్తానని తిరుగుతున్నాడు. ఒక సాయంత్రం త్రినాథరావు క్వార్టర్‌కి వచ్చి కూర్చున్నాడు.

“అంకుల్, నాకొక పిస్తోల్ కావాలి. పెద్దది కాదు. ఇప్పుడు హిందీ పిక్చర్లలో విలన్ సాక్సులోంచి తీస్తాడు చూడండి, ఛోటా వాలా, అలాంటిది.”

అడగవలసినవాణ్ణే అడిగాడు. త్రినాథరావుకి తెర మీద ఆ చిన్న పిస్తోలు కనబడితే చాలు, కథ మరిచిపోయేవాడు. పాత సినిమాల్లో విలన్లు జానెడు గొట్టాలు పట్టుకు తిరిగేవాళ్లు. ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోయేవి వచ్చాయి. సాక్సులోంచి, హ్యాండ్‌బ్యాగులోంచి, పూలబుట్టలోంచి, ఆఖరికి టిఫిను క్యారేజీలోంచి కూడా తీస్తున్నారు. తీసిన ప్రతిసారీ ఆయన భార్య కనకం మీద విసుక్కునేవాడు, ఆ సినిమా ఆవిడే తీసినట్టు.

“అది ఉత్తి ప్లాస్టికే, చూడు. చేతిలో ఇనుముంటే మణికట్టు కిందికి జారతాది. ఈడు గాల్లో విసనకర్ర ఊపినట్టు ఊపేస్తన్నాడు.”

ఇంకేం, పన్నెండు సీడీలు అద్దెకు తెచ్చాడు. బొమ్మ ఆపి, టీవీ అద్దం మీద స్కేలు పెట్టి కొలిచాడు. “అద్దమంతా గీతలు పడిపోతాది! పిచ్చి గాని పట్టిందేటి మీకు?” అని కనకం మొత్తుకున్నా వినలేదు. అదీ చాలలేదు. సినిమాకి డబ్బు పెడుతున్న మనీష్ సేఠ్ నడుము దగ్గర అలాంటి పిస్తోలే ఒకటుంది, లైసెన్సుది. సేఠ్‌కి అన్నదమ్ములతో బోద్రీ కోర్టులో కేసు నడుస్తోంది, బెదిరింపులొస్తున్నాయి. అందుకని స్నానానికి వెళ్లినా దాన్ని చేతికందేంత దూరంలో ఉంచుకుంటాడు. ఒక ఆదివారం తూటాలు తీసేసి కొలతలకి ఇచ్చాడు.

మూడు వారాల్లో దానికి కవల పుట్టింది. ఒళ్లు అల్యూమినియం, బరువు సరిపోవడానికి పొట్టలో సీసం. ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంటుంది. అసలుదాంట్లో పైకెత్తి ఉంటే ట్రిగ్గరుని కదలనివ్వని సేఫ్టీ లివరు పక్కనుంటుంది, అది కూడా ఇందులో స్ప్రింగుతో కిందికీ పైకీ కదులుతుంది, అప్పుడప్పుడు మొరాయిస్తుంది గానీ కదులుతుంది. ఒక్కటే తేడా. అసలుదాని పైభాగం వెనక్కి లాగితే జరుగుతుంది. ఈయన చేసినదాంట్లో పైభాగం, కిందిభాగం ఒకటే ముక్క. సేఠ్ రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని, “అరే వాహ్! నాదేదో నాకే తెలియడం లేదు రావుగారూ!” అన్నాడు. ఆ రోజు త్రినాథరావు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తీరా చూస్తే, సేఠ్‌కి తన అసలు పిస్తోలు కూడా తెర మీద కనబడాలని మోజు పుట్టింది. బల్ల మీద పెట్టి దగ్గరగా తియ్యాలట, మెరుపు అసలుదానికే వస్తుందట. త్రినాథరావుకి ఇది బొత్తిగా నచ్చలేదు. కాదంటే పెట్టుబడి పెట్టే మనిషికి కోపమొస్తుందని గిరిబాబు బతిమాలాడు. అప్పుడు ఆయన డిపోలో ఏం చేస్తారో అదే చేశాడు. వ్యాగన్ కింద మనిషి దూరితే రెండు వైపులా ఎర్రజెండా పెడతారు. పెట్టినవాడే తియ్యాలి, ఆఫీసరు వచ్చినా ముట్టుకోడు. అలాగే అసలు పిస్తోలు ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కమ్మీకి ఎర్రదారం కట్టి, అందరినీ పిలిచి రెండు సార్లు చెప్పాడు.

“ఎర్రదారం ఉన్నదాన్ని ఎవులూ ముట్టుకోకండి. దారం లేనిదే నాది. దాంతోటే యాక్టింగు.”

అందరూ తలలూపారు. ఎరుపంటే ఆగమని, ముట్టవద్దని లోకమంతా అనుకుంటుందని ఆయన ధీమా. ఇరవై ఎనిమిదేళ్లు డిపోలో బతికినవాడికి లోకమంతా డిపోలాగే కనబడుతుంది మరి.

ముహూర్తం రోజున త్రినాథరావుకి పొద్దున ఆరుగంటల డ్యూటీ. కనకం ఒక్కతే, కూతురు ఝాన్సీని తీసుకుని సిర్గిట్టిలో సేఠ్ గోడౌనుకి వెళ్లింది. ఝాన్సీ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సినిమాలో హీరో చెల్లెలి వేషం దొరికింది. విలన్ ఆ పిల్ల నుదుటికి పిస్తోలు ఆనించి ట్రిగ్గరు నొక్కుతాడు. అది పేలదు. పిల్ల పారిపోతుంది. మొదటి రోజు తీసేది ఆ సీనే.

మధ్యాహ్నం రెండున్నరకి త్రినాథరావు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. కనకం ఝాన్సీని అక్కడే వదిలి అప్పటికే తిరిగొచ్చేసింది. పెరుగన్నం వడ్డిస్తూ పూజ ముచ్చట్లు మొదలెట్టింది.

“ఎంత నిష్ఠగా చేసినాడో పంతులు! కెమెరాకి బొట్టు, లైట్లకి బొట్టు, అన్నింటికీ మౌళీ కట్టినాడు. ఇదిగో, నాకూ కట్టినాడు.” మణికట్టు చూపించింది. పూజల్లో కట్టే ఎర్రదారం అది, ఆ ఊళ్లో గుమ్మానికీ కడతారు, కొత్త స్కూటరుకీ కడతారు.

త్రినాథరావు ఎడం చేత్తో ఆ మణికట్టు పట్టుకుని దారాన్ని దగ్గరగా చూశాడు.

“అన్నింటికీ అంటే?”

“అన్నింటికీ అంటే అన్నింటికీను. ఒక తుపాకీకి దారముంది, ఇంకోదానికి నేదేటి, అపశకునమని దానిక్కూడా కట్టినాడు. రెంటికీ బొట్లెట్టి పక్కపక్కనే ఉంచినాడు. ముద్దుగా ఉన్నాయి, చూడ్డానికి.”

చేతిలో ముద్ద కంచంలో పడింది.

“ఓలమ్మ! ఏటండీ, ఏటయ్యింది?”

ఆయన ఎంగిలి చేత్తోనే ఫోను అందుకుని గిరిబాబు సెల్లుకి కొట్టాడు. స్విచాఫ్. షూటింగు జరుగుతుంటే సెల్లు కట్టెయ్యాలని రూలు పెట్టింది ఆ వెధవే. సేఠ్ నంబరు తెలియదు. గోడ మీద గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మూడింటికి సీను.

స్కూటరు మూడో కిక్కుకి గానీ అందుకోలేదు. దారి పొడుగునా ఆయన బుర్రలో ఒకటే లెక్క. దారం రెంటికీ ఉంది. బరువు రెంటిదీ ఒకటే. రూపం రెంటిదీ ఒకటే. టీవీ ముందు గొంతుక్కూర్చుని, స్కేలు పెట్టి కొలిచి, సీసం పోసి మరీ ఒకటి చేశాడు. ఏ దేవుడు అడిగాడు నిన్ను? ప్లాస్టిక్‌ది కొనుక్కోమంటే సరిపోయేది కదరా! సేఠ్ తూటాలు తీసేసే ఉంటాడు. తీశాడా? బోద్రీలో వాయిదా నిన్ననేగా, నింపుకుని వెళ్లి ఉంటాడు.

సిర్గిట్టి గేటు పడి ఉంది.

పడితే పడింది, బండి వెళ్లిపోతే తెరుస్తారు. కానీ బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఒకటి గేటుకి అడ్డంగా వచ్చి ఆగిపోయింది. ఈ చివరా కనబడదు, ఆ చివరా కనబడదు. గేట్‌మన్ని అడిగితే, “సిగ్నల్ నహీ మిలా సాబ్” అన్నాడు తాపీగా. రెండు నిమిషాలు నిలబడ్డాడు త్రినాథరావు. ఆగి ఉన్న బండి కింద దూరినవాళ్లని ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు. ఒకణ్ణి కొట్టాడు కూడా. ఇప్పుడు స్కూటరు అక్కడే పడేసి, వంగి, రెండు వ్యాగన్ల మధ్య కప్లింగు కిందనుంచి దూరాడు. అటువైపు తేలి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక వ్యాగన్లన్నీ ఒక్కసారి ధడధడమని కుదుపుకున్నాయి. తిరిగి చూడలేదు. యాభై మూడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, పరుగెత్తాడు.

గోడౌను తలుపు దగ్గరకి వేసి ఉంది. లోపల్నుంచి గిరిబాబు గొంతు వినబడింది. “టేక్ త్రీ!”

తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. లైట్ల వెలుగులో కుర్చీకి కట్టేసి ఝాన్సీ ఉంది, కుడిచెయ్యి ఒక్కటే కట్టుకి బయట ఉంది. విలన్ వేషం రవిచంద్రది, బ్యాంకులో పనిచేసే కుర్రాడు. వాడు పిస్తోలు పిల్ల కనుబొమల మధ్య ఆనించి డైలాగు చెబుతున్నాడు. ఎర్రదారం వేలాడుతోంది. బల్ల మీద రెండో పిస్తోలుంది, దానికీ వేలాడుతోంది.

అరుద్దామనుకున్నాడు. అరిస్తే వాడు ఉలిక్కిపడి వేలు బిగిస్తాడని తట్టింది. మెల్లగా, మామూలుగా నడిచి కెమెరా ముందుకి వెళ్లాడు.

“కట్! అంకుల్, ఏటిది!” గిరిబాబు నెత్తి కొట్టుకున్నాడు.

“రవీ, బాబూ,” అన్నాడు త్రినాథరావు. “వేలు పైకి తియ్యి. ఆఁ, అలాగ. దాన్ని నేలకేసి దించు. ఇప్పుడు నాకియ్యి.”

రవిచంద్ర ఇచ్చాడు. బరువుకి త్రినాథరావు మణికట్టు కిందికి జారింది.

కుర్చీలో కూర్చున్న సేఠ్‌కి విషయం అర్థమై పెద్దగా నవ్వాడు. “రావుగారూ, భయపడ్డారా? ఒకవేళ నాదే అయినా ఏం కాదు. తూటాలన్నీ ఇవిగో,” అని పిస్తోలు పిడిలో దూరే తూటాల పెట్టెని జేబులోంచి తీసి చూపించాడు. “పొద్దున్నే తీసేశా.” లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. ఝాన్సీ కూడా నవ్వింది.

త్రినాథరావు పిస్తోలుని గోడవైపు తిప్పి, పైభాగం పట్టుకుని వెనక్కి లాగాడు. జరగకూడదు, తనదైతే. జరగకూడదు. జరిగింది. పక్కనుంచి ఇత్తడి తూటా ఒకటి ఎగిరి సిమెంటు నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి సేఠ్ బూటుకి తగిలి ఆగింది. పెట్టె తీశాడు గానీ గొట్టంలోకి ముందే ఎక్కిన ఒక్కదాన్ని మరిచిపోయాడు మహానుభావుడు.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రవిచంద్ర మూలకి పోయి వాంతి చేసుకున్నాడు. సేఠ్ పిస్తోలునీ తూటానీ తీసుకెళ్లి కారులో పెట్టి తాళం వేశాడు. ఎవరో ఝాన్సీ కట్లు విప్పారు. ఎవరో నీళ్లు తెచ్చారు, అందరూ తాగారు. ఇంత జరిగాక ఇంటికి పోతారనుకుంటాం కదా. గిరిబాబు లైట్లకేసి చూశాడు, వాచీకేసి చూశాడు. బల్ల మీది రెండో పిస్తోలు తెచ్చి త్రినాథరావు ముందు నిలబడ్డాడు.

“అంకుల్, తప్పయిపోయింది. రెంటికీ ఉన్నది పూజదారమే అనుకున్నాం. కాళ్లు పట్టుకుంటాను. గాని లైట్లు ఈ ఒక్కపూటే అద్దెకి దొరికాయి. ఇది మీదే. మీరే చూసి ఇవ్వండి. ఒక్క టేకు.”

త్రినాథరావు దాన్ని అందుకున్నాడు. పైభాగం లాగి చూశాడు. జరగలేదు. మళ్లీ లాగాడు. జరగలేదు. తను పోసిన సీసమే, తను తిప్పిన మరలే. అయినా చెయ్యి దాన్ని వదలదు, ఇవ్వదు.

“ఇవ్వు నాన్నా, ఏటలా చూస్తావు?” అంది ఝాన్సీ. పిల్లకి ఇంకా వేడి దిగలేదు, చెంపలు ఎర్రగా ఉన్నాయి, ఎలాగైనా సీను పూర్తిచెయ్యాలని ఆత్రం. “ఇది పక్కా నీదే కదా.”

“రెండు టేకులు ఎలాగైనాయి?” అన్నాడాయన. రవిచంద్రకేసి తలతిప్పి చూశాడు. “నొక్కనేదా ఈడు?”

“నొక్కాడు! రెండుసార్లూ గట్టిగానే నొక్కాడు. ట్రిగ్గర్ అటక్ గయా, కదల్నేదు. నీ స్ప్రింగు అప్పుడప్పుడు మొరాయిస్తాది కదా, నాకు తెలుసు. అందుకే మూడో టేకు ముందర నేనే లివరు కిందికి లాగి రవీకి ఇచ్చాను. నీదే అనుకుని...”

అక్కడ ఆగింది. తను ఏమన్నదో ఆ పిల్లకి అప్పుడు వినబడింది. చెంపల మీది ఎరుపు కళ్లముందే దిగిపోయింది.

గిరిబాబు చెయ్యి చాపుకునే ఉన్నాడు. త్రినాథరావు పిస్తోలుని ఎక్కడ జారవిడిచాడో చూసుకోలేదు. నేల మీద చతికిలబడి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, లివరు లాగిన ఆ బొటనవేలిని రెండు చేతుల్లోనూ పట్టుకున్నాడు. ఎవరెన్ని చెప్పినా వదల్లేదు.