చెయ్యి ఆగిన చోటు

"వంటగట్టు మధ్యలో విడిపోయి, మరుగుతున్న గిన్నె నా కాళ్ల మీద పడితే దిక్కెవరే?" అన్నాను.

"అమ్మా, ఇంకా రాయే రాలేదు," అంది మా అమ్మాయి.

రాకముందే అడగాలి. వచ్చాక అడిగి ఏం లాభం?

మా అమ్మాయి క్వార్ట్జ్ రాతి పలకలు కోసి వంటగట్లు బిగించే కార్ఖానాలో పనిచేస్తుంది. రెండేళ్లుగా పలకలు కడగడం, మెరుగు పెట్టడమే దాని పని. రెండు పలకల్ని అతికించే పని సొంతంగా అప్పగించాలంటే, ఒక అతుకు వేసి పెద్దమేస్త్రి చేత సరే అనిపించుకోవాలి. లేదంటే మళ్లీ ఆర్నెల్లు కడుగుడే. పరీక్షకని పరాయివాళ్లు వంటగది ఎందుకిస్తారు? అందుకని మాదే ఇచ్చాం.

బిగించే రోజు నన్ను మా అక్క ఇంటికి తోలేసింది. "నువ్వుంటే జిగురు కూడా బెదిరిపోయి ఆరదు," అంది.

సాయంత్రం వచ్చి చూద్దును కదా, తెల్లటి గట్టు మీద, గోడకి నాలుగు జానల దూరంలో, బూడిదరంగు గీత! తిన్నగా కూడా లేదు, పోనుపోను వంకర తిరిగింది. ఇదా అతుకు! పిల్ల చూస్తే అలసిపోయి గోడకి ఆనుకుని ఉంది. ఏమనగలను? "బాగుందే," అన్నాను. ఆ పూటే ఉప్పుడబ్బా తెచ్చి గీత మీద పెట్టాను. అది మొదలు, రోజూ పిల్ల స్నానానికి వెళ్లగానే డబ్బా జరిపి, గీత మీద దారం పరిచి, ఎంత వెడల్పయిందో చూసుకునేదాన్ని. పదకొండు రోజులూ ఏమీ పెరగలేదు. లోపల్లోపల పెరుగుతోందేమోనని భయం.

పన్నెండో రోజు పెద్దమేస్త్రి వచ్చాడు. సన్నటి మనిషి, బొటనవేలి గోరు మాత్రం పొడుగు. నోరెత్తకూడదని చెప్పి మా అమ్మాయిని గుమ్మం దగ్గర నిలబెట్టాడు. గట్టు మీద సామానంతా తీసేశాడు. నా ఉప్పుడబ్బా కూడా.

"అమ్మా, రోజూ ఈ గట్టు మీద చెయ్యి వేసేది మీరు. నేను గోరుతో గీకి చూడటం తర్వాత. కళ్లు మూసుకుని గోడ నుంచి ఆ చివరిదాకా అరచెయ్యి జరపండి. అతుకు తగిలితే ఆగండి."

నేను ఆలోచించాను. ఆగకపోతే పిల్ల అసలు అతుకే వెయ్యలేదనుకుంటాడేమో! పదకొండు రోజులు దారం పట్టినదాన్ని, కళ్లు మూసుకుంటే మాత్రం తెలియదా? కన్నబిడ్డ కోసం ఆ మాత్రం చెయ్యలేనా? చెయ్యి జరుపుతూ లోపల జానలు లెక్కపెట్టుకున్నాను. నాలుగో జాన దగ్గర టక్కున ఆగి, "ఇదిగోండి!" అన్నాను, బళ్లో అందరికంటే ముందు లెక్క చెప్పినదానిలా.

ఆయన నిట్టూర్చాడు. "ఆగిపోయారా? ఇంటివాళ్ల చేతికి తెలిసిందంటే ఆ అతుకు పనికిరానట్టేనమ్మా."

"అయ్యో, తిమ్మిరండీ! పొద్దుట్నుంచీ చెయ్యి ఇలాగే ఉంది. ఇంకోసారి జరుపుతాను, ఎక్కడా ఆగను, చూడండి!"

"ఆగనని ముందే చెప్తే ఇంక పరీక్ష ఎందుకండీ?"

ఆయన వంగి, టార్చిలైటు రాతి మీద అడ్డంగా పడుకోబెట్టి, గీత మీద గోరు అటూ ఇటూ లాగాడు. గుమ్మంలో మా అమ్మాయి తల దించుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది. నా నోటితో నేనే పిల్ల బతుకు మీద మన్ను పోశాను.

"పోయిందాండీ?" అన్నాను.

ఆయన లైటు ఇంకోవైపు తిప్పాడు.

"ఆర్నెల్లేనా, ఏడాదా?"

ఆయన మెల్లగా గోడవైపు జరిగాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ గోరు, మళ్లీ లైటు. ఒకచోట ముక్కు రాతికి ఆనేంత వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

చివరికి నడుం పట్టుకుని లేచాడు. లైటు ఆర్పాడు.

"మీరు ఆగింది రాతిలోనే ఉన్న బూడిదరంగు చార దగ్గరమ్మా," అన్నాడు. "అతుకు రెండు జానలు వెనకుంది. మీ చెయ్యి దాన్ని ఎప్పుడో దాటేసింది."