ఓట్ల పాలైన అట్లకాడ

నేను ఒక అట్లకాడని. అట్లు ఎక్కడుంటే నేను అక్కడ. నా పేరులోనే నా అడ్రసుంది. ఇంత లక్షణమైన పేరు పెట్టుకుని నేనిప్పుడు పెనం మీద తిరగేస్తున్నదేమిటో తెలుసా? ఓట్స్! గుర్రాల దాణాని రోలరు కింద నలిపి, డబ్బాలో పోసి, డబ్బా మీద నవ్వుతున్న కుటుంబాన్ని అచ్చేసి అమ్ముతారే, అదీ. ఆ కుటుంబం ఎందుకు నవ్వుతోందనుకున్నారు? డబ్బాకి బయట ఉంది కనక. దీన్నే ఓట్‌మీల్ అని కూడా అంటారట. నా చెవికి అది ఓటమిలాగే వినపడుతుంది.

నా పుట్టుక అల్లాటప్పా పుట్టుక కాదు. మండపేటలో ఓ లారీ కమాను పట్టీ విరిగితే, దాన్ని కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, ముందు వెడల్పుగా వెనక సన్నగా నన్ను తీర్చాడు. అంటే నేను పుట్టకముందే బియ్యం బస్తాలు మోసిన ఇనుముని. బియ్యానికీ నాకూ ఉన్నది పూర్వజన్మ బంధం.

నా మొదటి యజమాని బస్టాండు దగ్గర టిఫిన్ బండి అప్పన్న. ఆ రోజుల్లో నేను పెనం మీద చేసింది కాపురం కాదు, పెత్తనం. అక్కడే మనుషుల్ని చదివాను. "కొంచెం నూనె తగ్గించి వెయ్యి అప్పన్నా, డాక్టరు వద్దన్నాడు" అనేవాడు ఒకడు, పక్కన బొంబాయి చట్నీ మాత్రం మారు మీద మారు వడ్డించుకునేవాడు. పెసరట్టులో ఉప్మా పెట్టించుకుని, కాఫీలో పంచదార వద్దనేవాడు ఇంకొకడు. వీళ్ళ పథ్యాలకంటే పాత నాటకాల పద్యాలు నయం, ఎక్కడో ఒకచోట ముగుస్తాయి.

ఆ బండికి బోర్డు రాయడానికి గవర్రాజు వచ్చాడు. లారీ బాడీల మీద బొమ్మలు వేసే పెయింటరు. పని చేసినంతసేపూ నన్నే చూశాడు. "అప్పన్నా, మా ఆవిడ అట్టు వేస్తే పెనమైనా రావాలి, అట్టైనా చిరగాలి. ఆ అట్లకాడ ఇచ్చెయ్యవా?" అన్నాడు. అప్పన్న నవ్వుతూ ఇచ్చేశాడు. అంతకాలం తనకు పొట్టపోసిన నన్ను పొట్లం కట్టి పంపేశాడు. మనిషి కృతజ్ఞత అట్టు మీది ఆవిరంత.

గవర్రాజు భార్య సత్యవేణి. కుదురైన మనిషి. నేను వెళ్ళాక ఆవిడ అట్లు చిరగడం మానేశాయి, మొగుడి పొట్ట పెరగడం మొదలెట్టింది. ఏళ్ళు గడిచాయి. గవర్రాజు ఒంట్లో చక్కెర చేరింది, కళ్ళలో శుక్లాలు చేరాయి. ఒకనాడు లారీ వెనక గరుత్మంతుణ్ణి వేశాడు. ఓనరు వచ్చి చూసి, "ఏంటండి రాజుగారూ, కోడిపెట్టని వేశారు? మాది గుడ్ల లారీ కాదండి, ఇటుకల లారీ!" అని అరిచాడు. ఆ మాటతో గవర్రాజు కుంచె కింద పడింది. ఇంటికొచ్చి మంచమ్మీద గోడకి తిరిగి పడుకున్నాడు. బొమ్మ వెయ్యని గవర్రాజు, పిండి లేని పెనంలా ఊరికే వేడెక్కుతూ కూర్చునేవాడు.

కంటి డాక్టరు ఒక్కటే మాటన్నాడు: "షుగరు దిగితేనే ఆపరేషను. దిగకపోతే నేను కత్తి పట్టను, మీరు కుంచె పట్టలేరు."

ఆ సాయంత్రమే ఆ డబ్బా ఇంటికొచ్చింది.

పొద్దున జావ. తింటే జవసత్వాలు వస్తాయట. జావ రావడం చూశాను కానీ జవ రావడం చూడలేదు. మధ్యాహ్నం పెరుగన్నంలో అన్నం మాయమై ఓట్స్ ప్రత్యక్షం. సాయంత్రం పకోడీలకు బదులు వేయించిన ఓట్స్‌లో ఉల్లిముక్కలు, నిమ్మరసం, నాలుగు మరమరాలు. రాత్రికి ఓట్స్ ఉప్మా. ఆ ఉప్మాకి ఉపమానం లేదు. రవ్వకు పోసినట్టు నీళ్ళు పోసేసరికి ముద్దయి కూర్చుంది. గవర్రాజు వేలితో తీసి గోడకు రాశాడు. "ఇదేదో సినిమా పోస్టర్లు అంటించుకునేవాళ్ళకి ఇయ్యవే, వానొచ్చినా ఊడవు!"

"చూపొచ్చాక బొమ్మలతోపాటు పోస్టర్లు కూడా అంటిద్దురుగాని. ముందు తినండి" అంది సత్యవేణి.

అతను తినేవాడు కాదు. ఆవిడ వదిలేదీ కాదు. చెప్పడానికి నాకే రోతగా ఉంది కానీ, ఆవిడ నేర్చుకుంది. ముందు వట్టి పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించడం, నీళ్ళు పొయ్యకుండా చిలకరించడం, బీన్సు, క్యారెట్టు, మెంతికూర దండిగా వెయ్యడం. అట్లకైతే పుల్లమజ్జిగలో నానేసి, గుప్పెడు మినపప్పు, అల్లం, పచ్చిమిర్చి కలిపి రుబ్బేది. ఆ పిండి నా కింద బుద్ధిగా తిరగబడేది. నేను లోలోపల తిరగబడేదాన్ని. గవర్రాజు మాత్రం పేరు వినగానే మొహం తిప్పేసుకునేవాడు. చాటుగా వీధి చివర ఇడ్లీలు లాగించేవాడు. షుగరు దిగలేదు. డాక్టరు రెండోసారీ వెనక్కి పంపాడు.

ఇంతలో అట్లతద్ది వచ్చింది. ఏడాది పొడుగునా నేను ఎదురుచూసే పండగ, నా ఒక్కదానికోసం పెట్టిన పండగ. మినపట్లు పొయ్యాలి, గౌరమ్మకు పెట్టాలి, ముత్తయిదువులకు వాయనం ఇవ్వాలి. సత్యవేణి ఏం చేసిందంటారా? ఓట్స్ నానేసింది!

పక్కింటి నూకరత్నం చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం చోద్యమే వేణీ! గౌరమ్మక్కూడా షుగరొచ్చిందేంటే?"

"నోము ఎవరి కోసం పిన్నీ? మొగుడి ఆయుష్షు కోసమేగా? ఆయన్ని తినేస్తున్న పిండినే తెచ్చి గౌరమ్మ ముందు పెట్టి, ఆయన్ని కాపాడమని ఎలా అడగను?"

నూకరత్నం బుగ్గల మీంచి చేతులు తీసేసింది. మాట సబబుగానే ఉంది. అది నాకు మరీ మంట.

అయితే సత్యవేణి ఒక్క సంగతి మర్చిపోయింది. వాయనం ఇస్తే, వాయనం వస్తుంది. చంద్రోదయమయ్యాక నూకరత్నం, తక్కిన ముత్తయిదువులు ఓట్స్ అట్లు పుచ్చుకుని, బదులుగా అసలు సిసలు మినపట్లు, బెల్లంతో సహా, ఆవిడ పళ్ళేనికి ఎత్తారు. వాయనం కాదనకూడదు, పారెయ్యకూడదు. ఆవిడ ఆ పళ్ళెం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, మూత వేసి, పిల్లి రాకుండా మూత మీద నన్ను అడ్డంగా పెట్టింది. పక్కనే ఇంకో పళ్ళెంలో మిగిలిన ఓట్స్ అట్లు. తర్వాత ఉయ్యాల దగ్గరికి వెళ్ళిపోయింది.

గవర్రాజు వచ్చాడు. అసలు పిల్లి అతనే. తడుముకుంటూ చెయ్యి నా మీద వేశాడు. నా గుండె ఉప్పొంగింది. ఎత్తు నాయనా, ఎత్తు, నా కిందున్నది అమృతం! కానీ నన్ను కదిపితే గణగణ మోగుతానని వెధవ భయం. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండూ వాయనమే కదా అనుకుని పక్క పళ్ళెం లాక్కుని, మసక కళ్ళతో ఓట్స్ అట్టు తుంపి నోట్లో పెట్టుకున్నాడు.

"అబ్బ! అట్టంటే ఇదీ!" అన్నాడు. పళ్ళెం ఊడ్చేశాడు.

ఓట్స్‌కి బద్ధశత్రువునైన నేనే, మినపట్లకి కాపలా కాసి ఓట్స్‌ని గెలిపించాను! ఆ క్షణంలో తుప్పు పట్టి రాలిపోయినా బాగుండేది.

సత్యవేణి తిరిగొచ్చి ఖాళీ పళ్ళెం చూసింది.

"తప్పేనే. ఆశపడ్డాను" అన్నాడు గవర్రాజు తల వంచుకుని. "నూకరత్నం గారి చెయ్యి చెయ్యి కాదే. నువ్వూ ఉన్నావు!"

ఆవిడ మూత మీద కదలకుండా ఉన్న నన్ను చూసింది. మూత తియ్యలేదంటే ఆయన తిన్నవేవో ఆవిడకి తెలిసిపోయింది. "పోన్లెండి. మీకంత నచ్చితే రోజూ పంపమంటాను" అంది.

అప్పట్నుంచి పూటపూటా ఓట్స్ అట్లు నేనే తిరగేసేదాన్ని, పొగడ్తలు నూకరత్నం ఖాతాలో పడేవి. మొగుడు వీధి చివరి ఇడ్లీ బండి మొహం చూడ్డం మానేశాడు. షుగరు దిగింది. డాక్టరు కత్తి పట్టాడు. కంటి కట్టు విప్పారు.

మర్నాడు పొద్దున గవర్రాజు ముందు పళ్ళెం పెట్టింది సత్యవేణి. కొత్త కన్నుతో పరకాయించి చూసి అతను ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటే? సిమెంటు రంగులో ఉంది!"

"రోజూ తినేదేనండి."

"నేనా? నూకరత్నం గారి మినపట్లు..."

"పిన్ని అట్లతద్ది నాడు తప్ప మనింటికి అట్టు పంపిందెక్కడండీ! ఇవి నావే. ఓట్సువే."

అతను పళ్ళెం దూరంగా నెట్టాడు. "చూస్తూ చూస్తూ ఎలా తిననే?"

సత్యవేణి పళ్ళెం మళ్ళీ ముందుకి జరిపింది. "అయితే కళ్ళు మూసుకోండి."

గవర్రాజు ఆవిడ మొహంకేసి చాలాసేపు చూశాడు. చాన్నాళ్ళయింది ఆ మొహం స్పష్టంగా కనపడి. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, పెనం సెగకి కమిలిన బుగ్గలు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు.

మనుషులింతే. చూపు కోసం అన్ని తిప్పలు పడతారు, తీరా వచ్చాక తిండి దగ్గర కళ్ళు మూసుకుంటారు. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. అదిగో, నమిలి మింగి, కళ్ళు తెరవకుండానే అడుగుతున్నాడు: "ఇంకోటి వెయ్యవే."

ఆవిడ నన్ను అందుకుంటోంది. ఉంటాను, పెనం కాలిపోతోంది.