గంట పని

మా కొట్లో కూర్చునే హక్కు కొనేవాళ్ళకే. కౌంటరుకి అవతల వాళ్ళ కోసం ఎర్రటి మెత్తటి స్టూళ్ళు నాలుగు ఉంటాయి. ఇవతల మాకు నేల ఉంటుంది. మూడంతస్తుల బట్టల కొట్టు అది. రెండో అంతస్తులో పరదాల సెక్షను నాది. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి ఎనిమిదింటి దాకా, మధ్యలో భోజనానికి ఇరవై నిమిషాలు తప్ప, పందొమ్మిదేళ్ళు అక్కడే నిలబడ్డాను. ఒక కాలు లాగేస్తుంటే దాన్ని మడిచి వెనక అర అంచుకి ఆనించి, రెండో కాలి మీద బరువు వేసేదాన్ని. అందుకని నాకు కొంగక్క అని పేరు పెట్టారు. మొదట్లో కోపం వచ్చింది గానీ, తర్వాత కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఆ నిలబడే తీరు నేనే దగ్గరుండి నేర్పాను.

కుడి పిక్క మీద నరాలు ఉబ్బి, వానపాముల్లా మెలికలు తిరగడం పదేళ్ళ కిందటే మొదలైంది. మోకాలి దాకా నల్ల మేజోళ్ళు లాగి, పైన యూనిఫాం ప్యాంటు వేసుకుంటే ఎవరికీ కనబడదు. కనబడకూడదు కూడా. కాళ్ళు పాడైనవాళ్ళని మా కొట్లో కింద గోడౌనుకి తోస్తారు. అక్కడ కూర్చుని స్టిక్కర్లు అంటించే పని. కుర్చీ ఉంటుంది గానీ ఉద్యోగం ఉండదు. సరుకు వచ్చిన రోజు పిలుస్తారు, రాని రోజు ఇంట్లో ఉండమంటారు. అలా కిందికి దిగిన మనిషి మళ్ళీ పైకి ఎక్కడం నేను చూడలేదు.

కిందటేడు చీలమండ పైన చర్మం నల్లబడి, దురద పెట్టి, గోకితే పుండు పడింది. మందుల షాపులో ఇచ్చిన పూతలన్నీ పూశాను. ఆర్నెల్లయినా మానలేదు. చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే మా ఆయన కూడా వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు, పొద్దస్తమానం కూర్చుని చేసే పని. నిలబడేవాళ్ళ బాధ ఆయనకేం తెలుస్తుంది?

డాక్టరమ్మ స్కాను తీసి, ఓపిగ్గా అంతా చెప్పింది. పాడైన నరాన్ని లేజరుతో లోపలే మూసేస్తారట. గంటలో అయిపోతుందట, అదే రోజు నడిచి ఇంటికి వెళ్ళొచ్చట. ఆ తర్వాతే అసలు పని. బిగుతు మేజోళ్ళు కొన్ని వారాలు వేసుకోవాలి, పొద్దునా సాయంత్రం అరగంట నడవాలి, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవాలి, ఒకే చోట నిలబడకూడదు. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారానికే పోవచ్చు, నాలాంటి వాళ్ళకి నాలుగు వారాలైనా కావాలి. మూసిన నరం ఒంట్లో ఇంకిపోవడానికి నెలలు పడుతుంది. ఇక పుండంటారా, జాగ్రత్తగా ఉంటే మూడు నెలలు. ఇన్ని చెబితే మా ఆయన చెవికి ఎక్కింది ఒక్కటే, గంట.

కొట్లో నిజం చెబితే గోడౌనే కాబట్టి కడుపు ఆపరేషన్ అని చెప్పాను. కడుపు ఆపరేషనంటే అందరికీ గౌరవం, వివరాలు అడగరు. కానీ సూపర్‌వైజరు కడుపుకి రెండు వారాలే ఇచ్చాడు. కాలికి నాలుగు కావాలని ఇప్పుడు ఏ మొహంతో అడగను? నా అబద్ధానికి నేనే దొరికిపోయాను.

లేజరు గంటలోనే అయింది. నడిచే ఇంటికి వచ్చాను. మా ఆయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఏమీ లేదు గంట పని, నడుచుకుంటూ వచ్చేసింది అని చాటింపు వేశాడు. నాలుగో రోజుకి మా అత్త పుల్ల విరిచినట్టు అడిగింది.

"గంట పనికి ఎన్నాళ్ళమ్మా ఈ మంచం?"

మంచం దిగి, డాక్టరమ్మ చెప్పినట్టు వీధిలో నడిస్తే, కాళ్ళు నొప్పులని ఇంట్లో పని ఎగ్గొట్టి షికార్లు కొడుతోందని పక్కింటావిడతో చెప్పింది. పడుకుంటే తప్పు, నడిస్తే తప్పు. నిలబడి గిన్నెలు తోమితే మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. పంటి బిగువున ఓర్చుకున్నాను, ఎందుకంటే పుండు నిజంగానే మానుతోంది. పన్నెండో రోజుకి పెసర గింజంత అయింది.

ఆ రోజే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. నా చోట నిలబెట్టిన పిల్ల బాగా అమ్ముతోందట, యజమాని సంతోషంగా ఉన్నాడట.

"మీరు నిదానంగానే రండి," అన్నాడు.

పందొమ్మిదేళ్ళలో ఆ మనిషి నోట నిదానం అనే మాట నేను వినలేదు. మధ్యాహ్నమే కొట్టుకి వెళ్ళాను.

ఆ పిల్లని అందరం పిచ్చుక అంటాం. బక్కగా, చురుగ్గా, ఉన్నచోట ఉండదు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మూడేళ్ళ కిందట బట్టలు మార్చుకునే గదిలో నన్ను పక్కకి పిలిచి, ప్యాంటు పైకి లాగి, అక్కా ఇదేంటని అడిగింది. పిక్క వెనక పచ్చగా రెండు నరాలు ఉబ్బి ఉన్నాయి. డాక్టరుకి చూపించుకోమని చెప్పాల్సింది. నేను చెప్పలేదు. నా సంచిలోంచి నల్ల మేజోళ్ళ జత తీసిచ్చి, ఎవరికీ చూపించకు, కింద గోడౌనుకి పంపేస్తారు అని చెప్పాను. అప్పట్లో అది సాయమనే అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి పిచ్చుక నిచ్చెన మీద ఉంది. నన్ను చూడగానే గబగబా దిగి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీ కౌంటరు జాగ్రత్తగా చూసుకుంటున్నానక్కా. నువ్వు పూర్తిగా నయమయ్యాకే రా."

మంచి మాటే అంది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ పూట నాకు అది వేరేగా వినబడింది. నా పరదాలు, నా కత్తెర, నా కొలబద్ద, నా చోటు. పైగా ఎప్పుడూ నా దగ్గరే కొనే ఒకావిడ ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తోంది. కౌంటరు వెనక పిచ్చుక ఒక కాలు మడిచి, అర అంచుకి ఆనించి నిలబడింది, అచ్చం నేను నేర్పినట్టే. ఒళ్ళు మండిపోయింది.

సూపర్‌వైజరు అద్దాల గదిలోకి వెళ్ళాను. ఎవరో తోస్తే వెళ్ళలేదు, నోరు జారీ అనలేదు. తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాను.

"ఆ పిల్ల మేజోళ్ళు తీయించి కాళ్ళు చూడండి సార్."

సాయంత్రం చూశారట. మర్నాడు గోడౌనుకి దిగమన్నారట. పిచ్చుక దిగలేదు, యూనిఫాం మడిచి ఇచ్చేసి వెళ్ళిపోయింది. పద్నాలుగో రోజున నేను నా చోట నిలబడ్డాను. ఆ మేజోళ్ళ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకతె తనే. ఎవరు చెప్పి ఉంటారా అని ఆ పిల్ల బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది.

నెల తిరిగేసరికి పెసర గింజంత పుండు మళ్ళీ రూపాయి బిళ్ళంత అయింది. డాక్టరమ్మ స్కాను చూసి, లేజరుతో మూసిన నరం బాగానే మూసుకుంది, మీరు నిలబడటం మానకపోతే పుండు మాత్రం మానదు అంది. మూడు నెలల లెక్క ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలంది. ఆ తర్వాతి నెలా అదే మాట అంది. నాలుగోసారి నన్ను చూసి తిట్టడం కూడా మానేసింది, కట్టు మార్చే నర్సుని పిలిచి ఊరుకుంది. ఏడు నెలలు గడిచాయి. మా ఆయన ఇప్పటికీ అది గంట పనే అంటాడు.

పోయిన వారం, మధ్యాహ్నం మూడింటికి, ఎర్ర స్టూలు మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. తలెత్తితే పిచ్చుక. మంచి బట్టలు కట్టుకుంది, కాస్త ఒళ్ళు చేసింది. నేను పలకరించబోయేలోపే తను మాట్లాడింది.

"పరదాలు చూపిస్తారా అండీ?"

మూడేళ్ళు అక్కా అని పిలిచిన నోరు అది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

మా కొట్లో కొనేవాళ్ళకి లేదనకూడదు. ఎన్ని తీయించినా ఎందుకని అడగకూడదు. ఈ సంగతి ఆ పిల్లకి నేర్పింది కూడా నేనే. నీలం చూపించమంది. చూపించాను. పువ్వులున్నవి, గీతలున్నవి, పలచనివి, మందమైనవి. పై అరలో ఉన్నవి కావాలంది, నిచ్చెన ఎక్కాను. అవి నచ్చలేదంది, ఇంకో మూల ఉన్నవి చూపించమంది. ప్రతిదీ పూర్తిగా విప్పమంది, వెలుతురులో పట్టుకోమంది. అద్దాల గదిలోంచి సూపర్‌వైజరు చూస్తున్నాడు. కట్టు కింద పుండు చెమ్మగిల్లి మేజోడు అంటుకుపోతోంది. కాలు మార్చాను, మళ్ళీ మార్చాను. తను హాయిగా కూర్చుని గోడ గడియారం వంక చూసుకుంటోంది.

నాలుగు కొట్టాక చాలంది. లేవకుండానే, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. ఇక్కడ మానేసిన వారానికే డాక్టరుకి చూపించుకుందట. తొందరగా వచ్చావన్నారట, పుండు దాకా పోలేదు కాబట్టి లేజరు గంటలో అయిందట, మూడు వారాలకల్లా మామూలు మనిషి అయిందట. ఇప్పుడు సినిమా హాల్లో టికెట్లు ఇస్తోంది, కూర్చుని చేసే పని. నేను మళ్ళీ కాలు మార్చడం చూసి అడిగింది.

"మీకింకా ఎన్నాళ్ళు పడుతుందన్నారు?"

క్షమించమని అడుగుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ ఆ మాట అడగడానికి నాకు హక్కు లేదని ఆ స్టూలు మీద కూర్చున్న తీరే చెబుతోంది. అడిగినదానికే జవాబు చెప్పాను.

"మూడు నెలలు."

పిచ్చుక తలూపి లేచింది. సంచి భుజానికి తగిలించుకుని, కౌంటరు నిండా గుట్టపడిన బట్ట వంక ఒకసారి చూసింది.

"సరేనండీ. మూడు నెలలకి మళ్ళీ వస్తాను, ఇవన్నీ ఇంకోసారి చూద్దాం."

ఒక్కటీ కొనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సూపర్‌వైజరు గదిలోంచే చేత్తో సైగ చేశాడు, ఇంకెవరో వస్తున్నారు, త్వరగా సర్దమని. ముప్ఫై ఎనిమిది పరదాలు. నేను ఒక కాలు మడిచి అర అంచుకి ఆనించి, మొదటిదాని కొసలు కలిపి మడత పెట్టడం మొదలుపెట్టాను.