మూడో గడి

అయినా తొలగించండి ఏమిటి, ఈ సంతాన క్లినిక్కు ఫారం రాసినవాడెవడో చాలా మర్యాదస్తుడు, పారెయ్యండి అనడానికి నోరు రాలేదు కాబోలు, అడుగున ధన్యవాదాలు కూడా అచ్చేశాడు, మొదటి గడిలో టిక్ పెడితే మిగిలిన మా పిండాల్ని ఇంకో ఏడాది ఫ్రీజర్లో ఉంచుతారట, రెండో గడిలో పెడితే పిల్లల్లేని ఇంకో జంటకి ఇస్తారట, మూడో గడిలో పెడితే తొలగించే ఆ మర్యాద, ఏం చేస్తారమ్మా వాటిని అని కౌంటరమ్మాయిని అడిగాను, ఏముంది సార్, బయటికి తీసి ఉంచేస్తాం, వాటంతటవే అయిపోతాయి, తర్వాత పసుపు కవర్లో వేస్తాం అంది, గోళ్ళరంగు గీక్కుంటూ, పసుపు కవరంటే వాడేసిన దూదీ సిరంజీలూ వేసేది, మా ఇంట్లో విరిగిన గొడుగు పారెయ్యాలంటే మూడు నెలలు చర్చించి, ఎప్పటికైనా పనికొస్తుందిలే అని అటకెక్కిస్తాం, ఇక్కడ ఈ పిల్ల మూడు పిండాలున్నాయి సార్, మంచి గ్రేడు అంటోంది, టమాటాలు ఏరి పెట్టినట్టు.

ఏవండీ, ఏదో ఒకటి పెట్టండి, పాపకి బడి వదిలే టైమైంది అంటోంది మా ఆవిడ, ఫారం వైపు చూడదు, గోడమీద బోసినవ్వుల ఫొటోల వైపూ చూడదు, తన చెప్పులే చూసుకుంటోంది, నువ్వే పెట్టు అన్నాను, నేనా, చర్చి సంఘ పెద్దలు మీరు కదా అంది, ఎత్తిపొడుపో ఏమిటో, పోనీ పాస్టరు అయ్యగారినడుగుదాం అంది, అడుగుదాం, ఏ మొహం పెట్టుకుని, ఆరేళ్ళ కిందట చర్చిలో మైకు పట్టుకుని, డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు అద్భుతం చేసి పాపనిచ్చాడు అని ఇరవై నిమిషాలు సాక్ష్యం చెప్పినవాణ్ణి, డాక్టర్లు చేతులెత్తడమేమిటి, ఆ చేతుల్తోనే నాలుగు పిండాలు తయారుచేసి ఒకటి మా ఆవిడ కడుపులో పెట్టారు, ఆ ముక్క మింగేశాను, అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు, ముందు వరస ముసలమ్మ హల్లెలూయా అని అరిచి దగ్గొచ్చి కూర్చుండిపోయింది.

పోయిన నెల క్వయర్లో పాడే అమ్మాయి కడుపు తీయించుకుందని తెలిస్తే పెద్దల మీటింగులో బల్ల గుద్దిందెవరు, నేనే, ప్రాణం గింజంతున్నా దేవుడి పోలికే, తీసేయడానికి మనమెవరం అని, ఆమెని క్వయర్లోంచి తీసేయించి, ఇంటికొచ్చి కూర రెండోసారి వడ్డించుకుని తిన్నాను, ఆ పిల్ల ఏడవను కూడా లేదు, మీ ఇష్టం అన్నయ్యా అని పాటల పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది, థూ, ఉమ్మేద్దామంటే ఈ క్లినిక్కులో నేల అద్దంలా తుడిచారు, వంగితే నా మొహమే కనిపిస్తోంది, సార్, మూడోది పెట్టేస్తే మళ్ళీ మీరు రానక్కర్లేదు అంటోంది కౌంటరమ్మాయి, పాపం, మన మేలు కోరే.

నాకు తమ్ముడెందుకు లేడమ్మా అని పాప మొన్న అడిగింది అంటోంది మా ఆవిడ, ఇంకా చెప్పుల వైపే చూస్తూ, ఏం చెప్పావు అన్నాను, దేవుడివ్వలేదని చెప్పాను, ఇంకేమంటాను అంది, ఇవ్వలేదట, నలుగుర్నిచ్చాడు కదా, ఒకే రోజు, ఒకే గిన్నెలో పక్కపక్కనే, ల్యాబ్ అతను ఆ రోజు చెయ్యి అంగుళం పక్కకి పోనిస్తే ఈపాటికి బడి గేటు దగ్గర ఇంకొకరు నిలబడి మాకోసం చూస్తుండేవాళ్ళు, మా పాప ఈ ఫారంలో ఉండేది, నేను మూడో గడి చూస్తూ టైమెంతయింది అని అడుగుతుండేవాణ్ణి, మొదటి గడిలో టిక్ పెట్టి ఇచ్చేశాను, మళ్ళీ ఏడాదికి రావాలి సార్ అంది కౌంటరమ్మాయి నీరసంగా, వస్తాంలే అంది మా ఆవిడ, నాకంటే ముందే, మెట్లు దిగుతుంటే మరి అయ్యగారికేం చెబుతారు, క్లినిక్కు సంగతి దాచానని చెబుతారా అంది, క్లినిక్కుదేముంది, సంఘంలో సగం మంది ఈ మెట్లెక్కినవాళ్ళే అయ్యుంటారు, నేను దాచింది పాప తోబుట్టువుల్ని.