టీ తాగిన ఇళ్ళు

"నేను వెళ్తే తలుపేసుకుంటారు, నువ్వు వెళ్తే కుర్చీ వేస్తారు" అనేవాడు ఆమె భర్త. పెళ్ళైన కొత్తలో ఆ మాట ఆమెకు మెచ్చుకోలుగానే వినిపించేది. అప్పట్లో ఆయన పాత స్కూటరు మీద తిరుగుతూ అద్దె ఇళ్ళు చూపించే బ్రోకరు. తర్వాత పాత భవనాలు కొనడం మొదలుపెట్టాడు. మనుషులున్న పాత భవనం చవగ్గా వస్తుంది. అదే ఖాళీ అయితే బంగారమే. ఆ రెండిటి మధ్య ఉన్న పని ఆమెది.

దాన్ని పని అని ఎవరూ అనలేదు. సంచిలో నాలుగు పళ్ళు వేసుకుని మెట్లెక్కేది. ఒక్కో ఇంట్లో కూర్చుని, టీ ఎంత చేదుగా ఉన్నా గ్లాసు అడుగు కనిపించేదాకా తాగేది. ముసలమ్మల మోకాళ్ళ నొప్పులు వినేది, చంటిపిల్లల్ని ఎత్తుకునేది. ఇంటికొచ్చాక అవన్నీ ఆయనకు చెప్పేది. ఫలానా వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరిందట, ఫలానా ఆయన ఉద్యోగం ఊడేలా ఉందట. ఆయన తలూపుతూ వినేవాడు. రోజెలా గడిచిందో మొగుడికి చెప్పుకుంటున్నాననుకునేది ఆమె. మర్నాడు సరిగ్గా ఆ ఉద్యోగం ఊడబోయే ఇంటికే ఆయన మనుషులు ఖాళీ చేయమని బేరానికి ఎందుకెళ్ళేవారో చాలా ఏళ్ళు ఆలోచించలేదు. "నా కొడుకు ఎండలో పడి సంపాదిస్తుంటే ఈవిడ ఇంటింటా టీలు తాగి వస్తుంది" అనేది అత్తగారు. అది విని ఆయన నవ్వేవాడే గానీ కాదని ఒక్కసారీ అనలేదు.

డబ్బు పెరిగాక ఆయనకు పార్టీ పిచ్చి పట్టుకుంది. ఎన్నికలకు చందాలు పోగుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడన్నారు. నెలకో విందు ఇంటి వెనక తోటలో. నాయకుడి పక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలో చందాను బట్టి ఆయన తేల్చేవాడు. ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే తగువొస్తుందో ఆమె గుర్తుపెట్టుకునేది. చందాలు పట్టేవాడి పేరున ఆస్తులు కనపడితే పేపరువాళ్ళు ఊరుకోరని భవనాలన్నీ ఆమె పేరున రాయించాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెన్సిలు గీత పెట్టినచోటల్లా సంతకం పెట్టి వచ్చేది. "మా ఆవిడకి తెలీదు గానీ, ఊళ్ళో సగం ఆవిడదే" అని విందుల్లో జోకు వేసేవాడు.

ఈసారి కొన్నది బస్టాండు వెనక మూడంతస్తుల భవనం. పద్దెనిమిది కుటుంబాలు. ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న వాళ్ళు, కదలమంటే కదిలే రకం కాదు. పడగొట్టి కొత్తది కడతాం, కింది రెండంతస్తులూ పాత అద్దెకే మళ్ళీ వాళ్ళకిస్తాం, అని చెప్పమన్నాడు ఆయన. ఆ రోజు ఆమెకు నిజంగా సంతోషం వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి మంచి కబురు మోసుకెళ్తున్నాననుకుంది. ఆరు వారాలు తిరిగింది. అందరూ నమ్మారు, రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సు తప్ప.

ఆ నర్సు టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, "ఈ మాటే ఒక కాయితం మీద రాసిస్తావా అమ్మాయ్?" అని అడిగింది.

ఆమె ముఖం మాడిపోయింది. ఇన్నిసార్లు ఇంటికొచ్చి, ఒళ్ళు బాగాలేనప్పుడు మందులు తెచ్చిపెట్టి, చివరికి ఇదా అనిపించింది. "నా మాట మీద నమ్మకం లేదా పెద్దమ్మా?" అంది. నర్సు సిగ్గుపడిపోయింది. తప్పయిందని చేయి పట్టుకుంది. ఆ వారంలోనే మంచం, కుక్కరు, రెండు పెట్టెలు ఆటోలో వేసుకుని ఊరి చివర చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఖాళీ చేశారు.

ఆదివారం మధ్యాహ్నం విందుకు నాయకుడే వచ్చాడు. ఆమె వడ్డిస్తుండగా భర్త బల్ల మధ్యలో అట్టతో చేసిన బొమ్మ భవనం పెట్టి పైగుడ్డ తీశాడు. పార్టీ కార్యాలయం. కింద సభల హాలు, పైన అతిథి గదులు, గుమ్మం మీద నాయకుడి తల్లి పేరు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అది బస్టాండు వెనక స్థలమని ఆమెకు బొమ్మ పక్కన ఉన్న వీధి మలుపు చూశాక అర్థమైంది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

అద్దెవాళ్ళ గొడవేమీ లేదు కదా అని నాయకుడు అడిగాడు. "నేను కోర్టుకెళ్తే ఆరేళ్ళు పట్టేది సార్. మా ఆవిడ టీ తాగితే ఆరు వారాలు" అన్నాడు భర్త. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాయకుడు లేచి ఆమెకు చేతులు జోడించి, "పార్టీ మీకు రుణపడి ఉంటుంది చెల్లెమ్మా" అన్నాడు. ఆమె కూడా చేతులు జోడించింది. అలవాటు.

వంటింట్లోకి వచ్చిన భర్తను మెల్లిగా అడిగింది, మరి వాళ్ళ గదుల సంగతేంటి అని.

"ఎవరి గదులు?"

ఆయన నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. అది ఆమెను ఎక్కువ కోసింది. అద్దెవాళ్ళకిచ్చిన మాట గుర్తుచేసింది. ఆయన నీళ్ళ గ్లాసు ఖాళీ చేసి, "మాటిచ్చింది నువ్వు. నేనెవరికీ ఇవ్వలేదే" అని బయటికెళ్ళిపోయాడు. మూల కూర్చున్న అత్తగారు, మాటలకేం అమ్మా, గాలికి పోతాయి అంది.

ఆ సాయంత్రమంతా గిన్నెలు సర్దుతూ తనను తానే తిట్టుకుంది. తడిగుడ్డతో గొంతు కోశాడని ఆయన్ని అనుకోబోతే నోరు రాలేదు. ఆ గుడ్డ తడిపి పట్టుకెళ్ళింది ఎవరు? నర్సు కాయితం అడిగితే చిన్నబుచ్చుకున్నది ఎవరు? ఆయన మోసం చేసేటప్పుడు కనీసం మోసమని తెలిసి చేస్తాడు. ఆమె మాత్రం ప్రేమగా చేసింది. ఆమె మంచితనమే ఆయన వ్యాపారానికి పెట్టుబడి. ఇరవై ఏడేళ్ళుగా ఆయన మదుపు పెట్టింది ఇటుకల మీద కాదు, ఆమె ముఖం మీద. అయినా ఆయన అన్నదాంట్లో ఒకటి నిజం. మాటిచ్చింది తనే.

సోమవారం పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసు. భవనాన్ని పార్టీ ట్రస్టుకు దానమిస్తున్నట్టు కాయితాలు సిద్ధంగా ఉన్నాయి. నాయకుడి తరఫు ఇద్దరు, భర్త, ప్లీడరు వరసగా కూర్చున్నారు. అధికారి పేజీలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే, రోజుకు యాభైసార్లు అడిగే ప్రశ్న అడిగాడు. ఎవరి బలవంతం లేకుండా, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా అమ్మా?

జవాబు కోసం ఆగకుండానే ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"లేదండీ" అంది ఆమె.

భర్త నవ్వాడు. మా ఆవిడకి సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి అడగండి అన్నాడు. అధికారి మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూశాడు. మళ్ళీ అడిగాడు, ఈసారి నిదానంగా.

"వినపడిందండీ. ఈ భవనం నాదని మీ కాయితమే చెప్తోంది. నాదైతే, దాన్ని ఇదివరకే వేరేవాళ్ళకి ఇస్తానని మాటిచ్చేశాను."