తలుపు ఎటు తెరుచుకుంటుంది

ఆ ఆఫీసులో పొద్దున్నే మొదట జరిగే పని, నమూనాల మీద కప్పిన గుడ్డ తీసి అట్ట మనుషులు ఎక్కడున్నారో చూడటం. టీ కూడా ఆ తర్వాతే. కట్టబోయే ప్రతి భవనానికీ ముందు బల్ల మీద అట్టతో నమూనా చేస్తారు. అందులో పెట్టే గోరంత మనుషుల్ని కత్తిరించేది అట్టల మావయ్య. సాయంత్రం నిలబెట్టిన చోట పొద్దుటికి వాళ్లు ఉండరు. రేపు ఆ భవనంలో నిజం మనుషులు ఏం చేస్తారో అదే చేస్తారు. నీడున్న చోట కూర్చుంటారు, ఇరుకున్న చోట ఇరుక్కుంటారు. ఆసుపత్రి నమూనాలో లిఫ్టు ముందు గుంపు కడితే లిఫ్టు పెద్దది చేసేవారు. లైబ్రరీ మెట్ల మీద ఓ ముసలి బొమ్మ కూలబడి ఉంటే పక్కన రెయిలింగు గీసేవారు. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకున్నది లేదు. ఊడ్చే ఆమె కూడా చీపురు ఆపి, "ఇవాళ మళ్లీ క్యాంటీన్ దగ్గరే ఆగారు" అని చెప్పి తన పని తను చూసుకునేది.

ఆ ఆఫీసులో ఒకామెని అందరూ చిన్నమేడం అంటారు. పద్నాలుగేళ్లు పెద్దసారు గీసినవాటికి నకళ్లు తీసి తీసి, ఇన్నాళ్లకి సొంత సంతకంతో ఒక బడి గీసింది. ర్యాంపులు, వెడల్పాటి గుమ్మాలు, కూర్చున్నవాళ్లకీ అందే స్విచ్చులు, చూపులేని పిల్లలు కాలితో తడుముకుంటూ పోవడానికి గరుకు పలకల దారి, ఒక్కటీ వదల్లేదు. వదిలితే ఇంట్లో చెల్లెలు ఊరుకోదు.

చెల్లెలు చక్రాల కుర్చీలో తిరుగుతుంది. లెక్కల టీచరు. ఇప్పుడు పనిచేసే బడిలో ఆమె కుర్చీ పట్టే బాత్‌రూమ్ లేదు. అందుకని పొద్దున ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లు తాగదు. పదకొండేళ్లుగా అంతే. కొత్త బడికి బదిలీ కాగితం అందిన రోజు అక్కకి చూపించి నవ్వింది.

"మొదటి రోజే బాటిల్ మొత్తం తాగేస్తా. నీ ర్యాంపుల సంగతి తర్వాత, ఆ గది ఒక్కటి సరిగ్గా గియ్యవే తల్లీ."

బడి తెరవడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుందనగా ఒక పొద్దున చిన్నమేడం గుడ్డ తీసింది. కుర్చీ బొమ్మ ఆ బాత్‌రూములో ఉంది. బయట వరండాలో పదకొండు మంది నిలబడి ఉన్నారు. చెల్లెలు దర్జాగా లోపల ఉంటే జనం తమ వంతు కోసం చూస్తున్నారనుకుని మురిసిపోయింది.

మర్నాడు కుర్చీ పక్కకి ఒరిగి తలుపుకి అడ్డంగా పడి ఉంది. బొమ్మ బోర్లా ఉంది. బయట పొడుగు బొమ్మ ఒకటి వంగి తలుపుకి చెవి ఆనించింది. రెండు చిన్న బొమ్మలు చేతులు పట్టుకున్నాయి. ఇంకో బొమ్మ విడిగా, గోడకి అరచెయ్యి ఆనించి ఉంది.

చిన్నమేడం వెళ్లి కాగితాలు తీసింది. వాళ్ల పనిలో గోడలు ఒక కాగితం మీద గీస్తారు, తలుపులు దానిపైన పరిచే పల్చటి కాగితం మీద గీస్తారు. చక్రాల కుర్చీ తిరగాలంటే గదిలో ఐదడుగుల వృత్తం పట్టాలి. ఆ వృత్తానికి ప్లాస్టిక్ అచ్చు ఉంటుంది. ఆమె అచ్చుని గోడల కాగితం మీద పెట్టి గీసింది, చక్కగా పట్టింది. వారం తర్వాత తలుపులు గీసేటప్పుడు, వరండా ఇరుకవుతుందని ఆ తలుపు రెక్కని లోపలికి తిప్పింది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడనే లేదు. ఇప్పుడు పెడితే రెక్క ఆ వృత్తాన్ని సగానికి కోసేస్తోంది. లోపల కుర్చీ బోల్తాపడితే, బయట ఎంతమంది తోసినా ఆ తలుపు జానెడు కూడా కదలదు.

అప్పటికే ద్వారబంధం బిగించేశారు, పలకలు పరిచేశారు. కింద సంతకం ఆమెది. ఎవరూ రాకముందే చిన్న పట్టకారుతో కుర్చీని నిలబెట్టి, మనుషుల్ని ఎక్కడివాళ్లనక్కడ సర్దేసింది. ఆ రోజునుంచి అందరికంటే ముందు వచ్చేది. రోజూ అదే దృశ్యం, రోజూ అదే సర్దుడు. ఇంట్లో చెల్లెలు కొత్త బాటిల్ కొనుక్కొచ్చి చూపిస్తుంటే కంచం ముందునుంచి లేచిపోయేది.

పదో రోజు ఆమె వచ్చేసరికి అట్టల మావయ్య బల్ల దగ్గర కూర్చుని, కుర్చీ బొమ్మని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"దీని భుజం మీద పట్టకారు నొక్కులున్నాయమ్మా," అన్నాడు. "తొమ్మిది."

ఆయన కోప్పడలేదు. వయసులో ఉన్నప్పుడు తనూ ఒకసారి ఒక హాలు నమూనాలో మనుషుల్ని ఇలాగే సర్దేశానని చెప్పాడు. ఆ హాలు ఏమైందని ఆమె అడిగింది. ఆ వీధిలోంచి నడిచి చాలా ఏళ్లయిందని మాత్రం చెప్పి, బొమ్మని మళ్లీ బోర్లా పడుకోబెట్టాడు.

ఆమె తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. ఎన్ని రోజులుగా దాచావని ఆయన అడిగాడు. తొమ్మిదన్నాక కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"తలుపు మారుద్దాం. ఆ బడి మీద నీ సంతకం మాత్రం ఉండదు."

మేస్త్రీ గోడ పగలగొట్టి, వరండా ఇరుకవకుండా గుమ్మాన్ని లోపలికి జరిపి, తగ్గిన చోటుకి పక్క స్టోర్ రూమునుంచి రెండడుగులు లాగాడు. వడ్రంగి ద్వారబంధం తిప్పి, రెక్క బయటికి తెరుచుకునేలా బిగించాడు. బయటినుంచి నాణెంతో తిప్పితే వచ్చే గడియ పెట్టాడు. అట్టల మావయ్య నమూనాలోనూ తలుపు మార్చాడు. ఆమె ఆ రాత్రి నిద్రపోయింది.

పొద్దున గుడ్డ తీస్తే కుర్చీ అలాగే ఒరిగి ఉంది. బయట అదే పదకొండు మంది.

"పడకుండా ఆపేది తలుపు కాదు కదమ్మా," అన్నాడు మావయ్య.

నేలకి జారని పలకలు వేయించింది. చెల్లెలి కుర్చీ బ్రేకులు దగ్గరుండి బిగింపించింది. అయినా బొమ్మ లేవలేదు. చివరికి చెల్లెలి దగ్గర కూర్చుని అంతా చెప్పి, ఆ గదిలోకి వెళ్లొద్దని బతిమాలింది.

"అంటే మళ్లీ నీళ్లు మానెయ్యమంటావా?" అంది చెల్లెలు. ఇప్పుడు నవ్వలేదు. "పడితే పడతాను. తలుపు తెరుచుకుంటుందా లేదా, అది చెప్పు."

తెరుచుకుంటుందని చెప్పింది అక్క.

బడి తెరిచిన రోజు రెండో పీరియడ్‌లో, వరండాలో కాపలాగా నిలబడ్డ అక్కకి కనిపించేలా చెల్లెలు బాటిల్ ఎత్తి గటగటా తాగింది. మూడో పీరియడ్ గంట కొట్టాక కుర్చీ తోసుకుంటూ ఆ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. కాసేపటికి లోపల ధన్‌మని ఏదో పడ్డ చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

జనం పరుగెత్తుకొచ్చారు. పొడుగ్గా ఉన్న డ్రిల్లు మాస్టారు వంగి తలుపుకి చెవి ఆనించాడు. ఇద్దరు చిన్నపిల్లలు బెదిరిపోయి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అక్క లెక్కపెట్టింది. పదిమందే ఉన్నారు. తన అరచెయ్యి గోడకి ఆని ఉందని అప్పుడు చూసుకుంది.

ఎవరో తలుపుని లోపలికి తొయ్యబోయారు.

"తొయ్యకండి," అంది. "అందరూ వెనక్కి జరగండి."

నాణెం గాట్లో పెట్టి తిప్పితే రెండుసార్లు జారింది. మూడోసారి గడియ వచ్చింది. ఆమె రెక్కని తన వైపుకి లాగింది. దాన్ని ఆనుకుని పడి ఉన్న కుర్చీ గుమ్మంలోకి దొర్లి, చక్రం గాల్లో తిరుగుతూ ఆగింది. చెల్లెలు బోర్లా పడి ఉంది. కనుబొమ దగ్గర చిట్లి, ముఖం కింద పలకల మీద నెత్తురు మడుగు కట్టింది. డ్రిల్లు మాస్టారు ఆమెని వెల్లకిలా తిప్పి జేబురుమాలు అదిమిపెట్టాడు. అక్క ఆ తల ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలీదు.

చాలాసేపటికి చెల్లెలు కళ్లు తెరిచి, బార్లా తెరుచుకుని ఉన్న తలుపు వైపు చూసింది.

"బాటిల్లో ఇంకా కాసిని మిగిలాయి," అంది. "ఇలా తే అక్కా."