లేని జ్వరం

మా ఊరు సెతిఫ్ కొండదారుల మీద ఎన్నో ఏళ్లుగా పందేల సైకిలు తొక్కుతున్నాను. ఇన్నేళ్లలో ఎవరూ అడగనంత శ్రద్ధగా ఈమధ్య మా జట్టుకిచ్చిన ఒక ఫోను నన్ను అడుగుతోంది. నిద్ర పట్టిందా? కాళ్లు నొప్పిగా ఉన్నాయా? నెలసరి వచ్చిందా? మా జవాబులూ, గుండె వేగమూ చూసుకుని, రేపు ఎంత తొక్కాలో అదే తేలుస్తుంది. మా అమ్మ కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు.

నెలసరి ప్రశ్నకు జట్టులో అందరం ‘లేదు’ అనే నొక్కుతాం. ఆ జవాబులు మా కోచ్ షేఖ్ అమ్మార్ కూడా చూస్తారు. మా నాన్న ఈడు మనిషి. ఆయన ముందు ఆ మాట ఎలా ఎత్తుతాం? పాపం ఆ యంత్రం మాత్రం మాలో ఎవరికీ నెలసరే రాదని నమ్ముతోంది.

రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల వచ్చింది. పోయిన రంజాన్‌లో నెలసరి రోజుల్లో వదిలేసిన ఉపవాసాలు మళ్లీ రంజాన్ వచ్చేలోగా తీర్చాలి. పందేలని కొన్నాళ్లు, మోకాలి నొప్పని కొన్నాళ్లు వాయిదా వేశాను. చివరికి ఒరాన్ నగరంలో జరిగే పందేనికి ఎంపిక జరిగే రోజుల్లోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడికి వెళ్లే జట్టులో ఖాళీ ఒక్కటే. అది పోతే ఇక నన్ను పిలిచేవాళ్లుండరు. ఆ సంగతి నాకూ తెలుసు, నా వెనకే ఉన్న చిన్నపిల్ల సిహామ్‌కూ తెలుసు.

సెతిఫ్ చలిలో ఖాళీ కడుపుతో తొక్కుతుంటే మధ్యాహ్నానికి కాళ్లు నావి కానట్టుండేవి. యంత్రం జాలిపడి రోజురోజుకీ పని తగ్గించింది. తగ్గిన పని చూసి షేఖ్ నాకు వయసు మీద పడిందనుకున్నారు. సిహామ్ అయితే అక్కకి జోలపాట పెట్టమని ఎగతాళి చేసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఒకరోజు షేఖ్ నన్ను పక్కకు పిలిచారు.

“ఏమైంది బిడ్డా? ఒంట్లో బాగాలేదా?”

“బాకీ ఉపవాసాలు తీరుస్తున్నా షేఖ్.”

ఆ మాటకి అర్థం తెలియని వాళ్లు మా ఊళ్లో లేరు. నలుగురు ఆడపిల్లల తండ్రికి చెవులు ఎర్రబడ్డాయి. వంగి, బాగానే ఉన్న నా చక్రంలో గాలి చూడసాగారు.

“దేవుడు స్వీకరించుగాక. ఎంపికవాళ్లకి నేను ఏదో ఒకటి రాస్తాలే,” అని చక్రంతోనే అన్నారు.

ఉన్నదున్నట్టు రాయలేక నా పేరు కింద ‘జ్వరం’ అని నొక్కారు. మంచి మనసుతోనే. యంత్రం కూడా మంచి మనసుతోనే నా వారం పనంతా కొట్టేసింది. రాజధానిలో ఎంపికవాళ్లు అది చూసి, జ్వరమొచ్చిన మనిషి ఎందుకని సిహామ్ పేరు ఖాయం చేశారు.

సిహామ్ ఈసారి ఎగతాళి చేయలేదు. తలుపు దగ్గర నిలబడి మెల్లగా అంది.

“నా బాకీలు పోయిన పందేలు అవగానే తీర్చేశా అక్కా. ఒక్క మాట చెప్పుంటే, నీతోపాటు నేనూ ఉపవాసం ఉండేదాన్ని.”

ఆ సాయంత్రం అజాన్ వినిపించాక ఖర్జూరం నోట్లో వేసుకుని మజ్జిగ తాగుతుంటే ఫోను మోగింది. జ్వరం తగ్గిందా అని అడిగింది. తగ్గలేదని నొక్కాను. అయితే రేపు కూడా పడుకోమంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో నన్ను పడుకోమన్నది అదొక్కటే.